జోగవ్వ కుండలో నేను పోసింది

మా అమ్మాయి పురిటికి వచ్చి మూడు నెలలైంది. మొన్న ఉదయం మా ఆవిడ వసారాలో కూర్చుని సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తోంది, మనవరాలి నాలుక మీద రాయడానికి. నేను పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను. ఆ వాసన గడప దాటి వచ్చింది. మట్టిలోంచి అప్పుడే పెరికినట్టు ఘాటుగా మొదలై చివర కొంచెం తీపి తగిలే వాసన. పేపరు మడిచి పక్కన పెట్టాను. అందరికీ అది పసిపిల్లల వాసన. నాకు మాత్రం అది ఎండలో కట్టేసిన ఎద్దుల వాసన, కానుగ నూనె వాసన, మోచేతుల దాకా ఆ నూనె అంటిన ఒక ముసలామె వాసన. ఆమె పేరు జోగవ్వ. భద్రాచలం అడవి అంచున ఒక ఊళ్లో ఆమె గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు, మందు పూసి ఎద్దును చంపిందని. ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. ఒకరు పోయారు. మిగిలింది నేను.

ఎనభైల చివర్లో నాకు పశువుల దవాఖానాలో కాంపౌండరు ఉద్యోగం వచ్చింది. మాది కుసుమంచి వైపు. చెరువులు, వరి పొలాలు చూస్తూ పెరిగినవాడిని, ఒక్కసారిగా అడవిలో దింపినట్టయింది. ఊరికీ కోయగూడేనికీ మధ్య ఒక వాగు. ఇవతల రైతులు, అవతల గూడెం. డాక్టరు గారు ఎక్కడో దూరాన ఉండి నెలకోసారి వచ్చేవారు. దవాఖానా అంటే ఒక గది, ఒక బీరువా, నేను. వానాకాలం మొదలైతే పశువులకు పిడుదులు పట్టేవి. మా వైపు వాటిని గోమార్లంటారు. చెవుల్లో, పొదుగు మీద, తోక కింద కరుచుకుని రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బేవి. దూడల మెడల నిండా పేలు. బీరువాలో ఉన్న ఒక్క మందు సీసా వచ్చిన నెలలోనే అయిపోయేది. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా, రాలేదు, వస్తే చెప్తాను అనడమే నా వైద్యం.

పశువులకు గొంతువాపు రోగం రాకుండా సూదులు వేయడానికి మొదటిసారి వాగు దాటి గూడెం వెళ్లినప్పుడు జోగవ్వను చూశాను. అరవై దాటి ఉంటాయి. గట్టి మనిషి, పొట్టి. ఒక ఆవును ఎండలో గుంజకు కట్టి ముక్కుకు గుడ్డ చుట్టుకుని ఏదో పూస్తోంది. ఆవు మెడ, భుజాలు, ముందు కాళ్లు నూనెతో నల్లగా మెరుస్తున్నాయి. నడుము వెనక అంతా పొడిగానే ఉంది. మూతికి తాడుతో అల్లిన చిక్కం కట్టి ఉంది.

"సగమే పూసినవేందవ్వా, మందు అయిపోయిందా?" అన్నాను, కొంచెం వెటకారంగానే.

"మందుంది సారూ. ఆవుకే ఓపిక లేదు," అంది ఆమె, చేయి ఆపకుండా. "ఒక్కనాడే ఒళ్లంత పూస్తే తట్టుకోదు. ఇయ్యాల ముందటి సగం, రేపు ఎనక సగం. నువ్వు సూది గుచ్చినంక గొడ్డు ఒకపూట మేత ముట్టది గదా. గిదీ గంతే."

"మరి మూతికి చిక్కం?"

"నాకితే కడుపులకు పోతది. పూసింది తినేదా కాదా అని దానికి నువ్వు చెప్పినవా?"

పక్కన దూడలు కట్టుకుంటున్నవాళ్లు నవ్వారు. నాకు మొహం ఎర్రబడింది. అది గమనించిందేమో, చేతులు తుడుచుకుని లేచి, "దా, గోమార్ల ఇల్లు సూపిస్త," అంటూ కొట్టంలోకి తీసుకెళ్లింది. మట్టిగోడ పగులులోకి చీపురు పుల్ల దూర్చి తిప్పి బయటికి లాగింది. పుల్ల నిండా ఆవగింజల్లాంటి పిల్ల గోమార్లు పాకుతున్నాయి. "గొడ్డు మీద ఉన్నయి సగమే. మిగిలినయి గీడ పండుకుంటయి. నువ్వు గొడ్డుకు ఎంత పోసినా రాత్రికి ఇవి మళ్లా ఎక్కుతయి. అంత సదువుకున్నవు, గోడ కనపడలే?" నేను చదివిన పుస్తకంలో కొట్టం గోడల గురించి ఉంది. పరీక్షలో రాశాను కూడా. గోడ దగ్గరికి వెళ్లి చూడటం మాత్రం అదే మొదలు.

ఆ రోజు నుంచి నేను వారానికి ఒకసారైనా వాగు దాటేవాణ్ని. పని ఉన్నా లేకపోయినా. ఆమె మందులో రహస్యమేమీ లేదు, అడిగినవాళ్లకల్లా చెప్పేది. సీతాఫలాల కాలంలో గూడెం పిల్లలు అడవి పళ్లు తిని గింజలు ఆమె గంపలో ఉమ్మేసి వెళ్లేవాళ్లు. వాటిని ఎండబెట్టి, కళ్లలో పడితే చూపుకే ప్రమాదమని తల తిప్పుకుని దంచేది. ఆ పొడి, అరగదీసిన వసకొమ్ము, కానుగ నూనె. దూడలకైతే సీతాఫలం గింజ తగలనిచ్చేది కాదు, ఉత్త వేపనూనె రాసి దువ్వేది. గోడ పగుళ్లు పేడ, ఎర్రమట్టి, వేపపిండి కలిపి మెత్తి, సాయంత్రం కొట్టంలో వావిలాకు పొగ వేసేది. ఇవన్నీ ఇంకొకరు కూడా చేయగలరేమో. ఆమె ప్రత్యేకత ఓపిక. పున్నానికి ఒకసారి పూస్తే అమాసకు మళ్లీ, వచ్చే పున్నానికి మళ్లీ. "మొదటిసారి పాకేటియి పోతయి. రెండోసారి గుడ్లల్లకెళ్లి ఎల్లినయి పోతయి. మూడోసారి, ఇంక లేవు అని నువ్వనుకుంటవు సూడు, అవి పోతయి," అనేది. మందు కలిపే కుండ ఇరవయ్యేళ్ల నాటిది. దాన్ని వాగులో కడగనిచ్చేది కాదు. చేపలు చస్తాయని, దూరంగా రాళ్లగుట్ట దగ్గర బూడిదతో తోమి బోర్లించేది.

పని చేస్తున్నంతసేపూ పశువుతో కోయభాషలో మాట్లాడేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఏమంటున్నవవ్వా?" అని అడిగితే, "నీ మీద చాడీలు చెప్తున్న," అనేది. పని అయ్యాక చేతులు కడుక్కుని నాకు జొన్న అంబలి పోసేది. అది తాగుతూ వాగు చప్పుడు వింటూ కూర్చున్న ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలచుకుంటే, నా ఉద్యోగం మొత్తంలో నేను నిజంగా చదువుకున్నది అక్కడే అనిపిస్తుంది. మా నాన్న చిన్నప్పుడే పోయాడు. పని చేస్తూ నేర్పే పెద్దమనిషి నాకు అంతకుముందు లేడు, ఆ తర్వాతా దొరకలేదు.

రెండో ఏడాదికి ఊళ్లో రైతులు కూడా ఆమెను పిలిపించడం మొదలుపెట్టారు. నేనే చెప్పి పంపేవాణ్ని. అందులో నాకు కొంత గర్వం కూడా ఉండేది. అది ఒకరోజు టీకొట్టు దగ్గర పోయింది. నర్సయ్య అని ఊళ్లో ఒక మోతుబరి రైతు, మంచివాడే, మాట మాత్రం సూదిలా ఉండేది. నేను సైకిలు దిగుతుంటే, "రాండ్రి కాంపౌండరు సారూ. డాక్టరమ్మ గూడెంల బాగున్నదా?" అన్నాడు. పక్కనున్నవాళ్లలో ఒకరు అర్థం కాలేదన్నారు. "అరే, డాక్టరు జోగవ్వ గదా. మన సారు ఆమెకు కాంపౌండరు. సర్కారు గా జీతం గీమెకిస్తే అయిపోతది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ టీ ఎలా ఉందో గుర్తులేదు. ఆ నవ్వులు మాత్రం ఒంటికి పట్టుకున్నాయి.

ఆ తొలకరికి నర్సయ్య ఎద్దుల జత గోమార్లతో నిండిపోయింది. తెల్లవి, ఒంగోలు పోలికవి. ఆయన భార్య రాజమ్మ వాటిని సొంత చేత్తో పెంచింది. మేత కూడా తనే కలిపేది. ఒకదాని పేరు రాముడు, రెండోదాని పేరు భీముడు. వాన పడి నేల అదునుకొచ్చింది. "సారూ, మూడు రోజులల్ల అరక కట్టాలె. పున్నం, అమాస అని కూసుంటే ఇత్తనాలు ఎప్పుడేద్దు?" అన్నాడు నర్సయ్య. నేను జోగవ్వను పిలుచుకొచ్చాను. ఆమె కొట్టం ముందు కూర్చుని మందు కలిపింది. "మూడుసార్లు పూయాలె, నడుమ తొందర పెడితే నా వల్ల కాదు," అని ముందే చెప్పింది. చిక్కాలు కట్టడానికి ఎద్దుల దగ్గరికి వెళ్లింది. కుండ దగ్గర నేనొక్కణ్నే ఉన్నాను.

కొట్టం చూరులో పత్తిచేను పురుగుమందు డబ్బా ఉంది. ఆ రోజుల్లో ఆ మందు లేని ఇల్లు లేదు. మూత తీశాను. ఒక మూతెడు పోస్తే చాలు, సాయంత్రానికల్లా గోమార్లు రాలిపోతాయి, అప్పుడు నేనేం కలిపానో చెబితే డాక్టరెవరో కాంపౌండరెవరో నర్సయ్యకు తెలుస్తుంది అనుకున్నాను. ఒకటికి రెండు మూతలు పోశాను. కర్రతో కలిపాను. కానుగ నూనె వాసన దాన్ని మింగేసింది. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకునే ఉంది. అందులో ఆమె వట్టి చేతులు ముంచుతుందన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లకూ నేను నన్ను క్షమించుకోలేనిది అదే.

ఆమె ఎప్పటిలాగే రెండు ఎద్దులకూ ముందు సగం పూసి లేచింది. "మిగిలింది రేపు," అని వాగు వైపు వెళ్లిపోయింది. నర్సయ్య నా మొహం చూశాడు. "రేపటిదాంక ఎందుకు, నేను పూస్త," అన్నాను. కర్రకు గుడ్డ చుట్టి రాముడి వెనక సగమంతా నేనే పూశాను. గోమార్లు కరిచి పుండ్లు పడిన చోట ఇంకొంచెం ఎక్కువే పట్టించాను. భీముడి దగ్గరికి వచ్చేసరికి కుండ అడుగంటింది.

మధ్యాహ్నం దాటకముందే మనిషొచ్చి పిలిచాడు. నేను వెళ్లేసరికి రాముడు పడిపోయి ఉంది. నోట్లోంచి చొంగ తాళ్లలా కారుతోంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. భీముడు నిలబడే ఉంది గానీ ఒళ్లంతా వణుకుతోంది, దానికీ చొంగ. చూడగానే నాకు తెలిసింది. పత్తిచేలో మేసి విషం పట్టిన పశువులకని విరుగుడు ఇంజక్షన్లు నాలుగు నా పెట్టెలో ఉండేవి. ఏం మందు అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండేసి చొప్పున వేశాను. సబ్బు నీళ్లతో ఒళ్లు కడిగించాను. రాముడు గంటలోపే చనిపోయింది. భీముడు పొద్దు గూకేలోపు తేరుకుని గడ్డి వాసన చూసింది. జోగవ్వ చేయి మాత్రమే తగిలిన ఎద్దు బతికింది. నా చేయి కూడా తగిలినది చచ్చింది. అక్కడ ఇరవైమంది ఉన్నారు. ఆ లెక్క ఎవరూ వేయలేదు. వేయగలిగినవాణ్ని నేను నోరు మూసుకున్నాను.

ఎవరో కబురు చెబితే జోగవ్వ వచ్చింది. నడక తూలుతోంది. ఆమెకూ వాంతులయ్యాయని, కళ్లు తిరుగుతున్నాయని తర్వాత తెలిసింది. రాజమ్మ ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. జోగవ్వను చూడగానే, "నీ చేతులు పడిపోను. ఏం పూసినవే ముసల్దానా? బిడ్డ లెక్క సాదుకున్న," అని మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన మాటలు నేను రాయను. జోగవ్వ కుండ దగ్గరికి వెళ్లి, ముక్కుకున్న గుడ్డ దించి, వంగి వాసన చూసింది. తలెత్తి నా వైపు చూసింది. నా చేతిలో ఇంకా సూది ఉంది. నర్సయ్య అందరితో చెబుతున్నాడు, "గీ సారు లేకుంటే రెండోది గూడ పోయేది." ఆమె కుండ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు వాగు దాటి వెళ్లాను. రాళ్లగుట్ట దగ్గర కూర్చుని ఉంది. కుండను రాయితో పగలగొట్టి, లోతుగా గుంత తీసి పెంకులు అందులో వేస్తోంది. ఇరవయ్యేళ్లుగా తోముకుని బోర్లించిన కుండ. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"ఏం పోసినవు బిడ్డా?" అంది, నా వైపు చూడకుండా. అంతకు ముందెప్పుడూ సారూ అనే పిలిచేది.

"నేనేం పోయలేదవ్వా."

ఆమె గుంత పూడ్చడం ఆపలేదు. మట్టి తొక్కి, పైన రాయి దొర్లించి పెట్టింది. "గూడెం గొడ్లకు గొంతువాపు సూదులు ఎప్పుడేస్తవు?" అంది.

"వచ్చే వారం."

"మరువకు. నువ్వు రాకముందు ఒకేడు సగం మంద పోయింది."

అంతే. ఆమె నోరు తెరిచి ఉంటే నా ఉద్యోగం పోయేది. నేను పోతే ఆ వానాకాలం ఆ గూడెంలో సూది వేసేవాడు ఉండడు. ఆమె వేసుకున్న లెక్క అది. తన పేరు ఒకవైపు పెట్టుకుంది, మంద ఒకవైపు పెట్టుకుంది. నాకది అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. అప్పట్లో మాత్రం బతికిపోయాననుకున్నాను. వచ్చే వారం వెళ్లి గూడెంలోని ప్రతి పశువుకూ సూది వేశాను. ఆమె తన ఆవును పట్టుకుని వరుసలో నిలబడింది.

ఊళ్లో ఆమెను ఇంకెవరూ పిలవలేదు. మెల్లగా గూడెంలోవాళ్లు కూడా మానేశారు. కొట్లో దొరికే మందు సులువైంది. నేను ఆరు నెలల్లో వైరా వైపు బదిలీ చేయించుకున్నాను. పిల్లల చదువని కారణం రాశాను. నాకప్పటికి పెళ్లి కూడా కాలేదు.

ఏడెనిమిదేళ్ల తర్వాత ఒకసారి వెళ్లాను. మందు కొలతలు రాసుకుంటానన్నది సాకు. చెప్పేద్దామన్నది అసలు పని. ఆమె చాలా చిక్కిపోయింది. కళ్లు మసకబారాయి. గొంతు విని గుర్తుపట్టింది. "కాంపౌండరు సారు ముసలోడయిండా?" అని నవ్వింది. కొలతలు అడిగితే, "మరిచిపోయిన," అంది. మరిచిపోలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. నేను లేవకుండా కూర్చుంటే, "ఆవుకు గోమార్లు పట్టినయి. మందు లేదు. కూసో, చేత్తోని తీద్దాం," అంది. ఇద్దరం ఆవు కుడిచెవి దగ్గర కూర్చున్నాం. ఆమె వేలితో తడిమి చోటు చెబితే నేను తీసేవాణ్ని. "గుంజకు, తల లోపల్నే ఉంటది. నూనె చుక్క పెట్టి తిప్పు," అని నా మణికట్టు పట్టుకుని తిప్పి చూపించింది. తీసిన ప్రతిదాన్నీ ఉప్పు నీళ్ల గిన్నెలో వేశాం. ఒక్క చెవికే పొద్దు వాలింది. ఆవు కళ్లు మూసుకుని నిలబడింది. ఆమె దానితో ఏదో అంటోంది. నా మీద చాడీలే కావాలని ఎంత కోరుకున్నానో.

"ఇంకో చెవి రేపు తీద్దాం. ఉంటవా?" అంది.

ఆఖరి బస్సు ఉందన్నాను. ఆమె సరే అంది. నేను చెప్పకుండానే వచ్చేశాను. మరుసటి వానాకాలం ఆమె పోయిందని అక్కడ పనిచేసే కాంపౌండరు ద్వారా తెలిసింది.

మొన్న వసకొమ్ము వాసన వచ్చిన మరుసటి రోజే బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. నర్సయ్య పోయి చాలా కాలమైంది. కొడుకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అతను శ్రద్ధగానే విన్నాడు. "అయిపోయిందానికి ఇప్పుడెందుకు సార్ రంది పడుతరు? మా ఇంట్ల ఎద్దులు లేక ఇరవై ఏండ్లాయె. ట్రాక్టరే," అన్నాడు. నాకు టీ తెమ్మని లోపలికి కేకేశాడు.

టీ రాలేదు. లోపలి నుంచి రాజమ్మ వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తోంది. తలుపు వెనక నిలబడి అంతా విన్నట్టుంది. నా ఎదురుగా అరుగు మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆమె అంగట్ల ఎదురైతే నేను దారి మార్చుకునేదాన్ని," అంది. "ఒకసారి ఆమెనే నిలబడ్డది, ఏదో అడగబోయినట్టు. నేను ఉమ్మేసి పోయిన. నువ్వు అప్పుడు చెప్తే నేను పోయి ఆమె కాళ్లు పట్టుకునేదాన్ని సారూ. ఇప్పుడు ఎవల కాళ్లు పట్టుకోవాలె?"

నా పాపం ఒక్క జోగవ్వ విషయంలోనే అనుకుంటూ బతికాను ఇన్నాళ్లు. ఇంకొకామెకు క్షమాపణ అడిగే దారి కూడా మూసేశానని ఆ అరుగు ముందు తెలిసింది. రాజమ్మ అడిగిన ఆ ప్రశ్న పట్టుకునే బస్సెక్కాను. జోగవ్వ ఏ ఎద్దునూ చంపలేదు. ఇది చదివినవాళ్లలో ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే, ఆ మాట గూడెంలో చెప్పండి. రాజమ్మకు మాత్రం ఏం చెప్పాలో నాకు ఇంకా తెలియదు.